పిలక అనే మాట

ప్రతి ఉదయం కడుక్కునేటప్పుడు అది నా వేలికి తగులుతుంది. మెత్తగా, శనగబద్దంత ఉంటుంది. నొప్పి లేదు, మంట లేదు. ఒకప్పుడు అక్కడ చర్మం చీరుకుపోయి నన్ను నెలల తరబడి ఏడిపించింది. ఆ చీలిక మానిపోయింది, మానినచోట ఈ తోలుముక్క మిగిలింది. స్కిన్ ట్యాగ్ అంటారట. మా ఇంట్లో దాన్ని పిలక అనేవాళ్లం. అనేవాళ్లం అంటే నేనూ, మా అత్తా. ఇప్పుడు ఆ మాట అనడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.

ఇలాంటి చోటు గురించి కూడా రాస్తారా అని ఎవరైనా ముక్కు మూసుకుంటే మూసుకోవచ్చు. గుండె గురించీ కళ్ల గురించీ అయితే పేజీలకు పేజీలు చదువుతారు. ఈ చోటు గురించి నోరు విప్పకపోవడం వల్ల మా అత్త చచ్చిపోయింది. అందుకని నేను సిగ్గు పడదలుచుకోలేదు.

ఆమె నాకు రెండు విధాలా అత్త. మా నాన్నకు అక్క, నా మొగుడికి అమ్మ. పుట్టినప్పటి నుంచీ "అత్తా, నువ్వు" అంటూనే పెరిగాను, పెళ్లయ్యాక కొత్తగా మార్చుకోవాల్సిన పిలుపేమీ లేకపోయింది. మావ పోయాక ఆమదాలవలస దగ్గరి పొలం కౌలుకిచ్చేసి మాతోపాటు విజయనగరం వచ్చేసింది. రెండు గదుల అద్దె ఇల్లు, ఒకటే బాత్రూం, వెనక మంచం పట్టేంత పెరడు. ఆ పెరట్లోనే తోటకూర మళ్లు వేసింది, రెండు అరటిచెట్లు పెంచింది. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. వీధి చివర ఆటో దిగిందంటే ఇంట్లో మాకు తెలిసిపోయేది.

నా బాధ పాప పుట్టాక మొదలైంది. రక్తం తక్కువుందని ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపు బండబారిపోయింది. ఒకరోజు దొడ్డికి కూర్చుని గట్టిగా ముక్కేసరికి పర్రున ఏదో చిరిగినట్టయింది. ఆ తర్వాత రోజూ అదే వరస. వెళ్లేటప్పుడు గాజుపెంకుతో కోసినట్టు, వచ్చాక గంటల తరబడి కారం రాసినట్టు. ఆ నొప్పికి భయపడి వెళ్లకుండా బిగబట్టేదాన్ని. బిగబడితే ఇంకా గట్టిపడేది, గట్టిపడితే ఇంకా చీరుకునేది. పాపకు పాలివ్వడానికి కూర్చోలేక పక్కకు తిరిగి పడుకుని ఇచ్చేదాన్ని, ఇస్తూ దిండులో ముఖం పెట్టి ఏడ్చేదాన్ని. సెలవు అయిపోయి బడికి వెళ్లాక కుర్చీలో కూర్చోలేక పీరియడ్ అంతా నిలబడే తెలుగు పాఠం చెప్పేదాన్ని. ఎంత శ్రద్ధగా చెబుతోందో చూడండి అని స్టాఫ్ మీటింగులో మా హెడ్మిస్ట్రెస్ నన్ను మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు కూడా నిలబడే విన్నాను.

మా బావకు చెప్పలేదు. మా వైపు మేనరికం చేసుకున్న మొగుణ్ణి బావ అనే అంటాం. చిన్నప్పుడు నా జడ లాగి పరిగెత్తిన మనిషికి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు తోచలేదు. అత్తే పట్టుకుంది. ఒకరోజు పాపను చంకనేసుకుని బాత్రూం తలుపు బయట నిలబడి కేకేసింది.

"ఒసే, ఏటి సేస్తన్నావే లోపల? ఏడస్తన్నావా?"

"లేదత్తా."

"నేదంటావేటి? ముక్కు సీదడం ఇనబడతన్నాది. బయటికొచ్చి సెప్పు."

బయటికొచ్చి చెప్పాను. చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో, ఆమె నవ్వడానికి అంత తక్కువసేపు పట్టింది.

"ఓలమ్మ! ముడ్డి సినిగిపోనాదని సెప్పడానికి ఇంత సిగ్గేటే? పిల్లని కన్నదానివి. ఎవులికి నేదు ముడ్డి?"

ఆ రోజు నుంచి నన్ను తన చేతుల్లోకి తీసుకుంది. బట్టలు నానబెట్టే టబ్బు తోమి, గోరువెచ్చని నీళ్లు పోసి, పొద్దునా సాయంత్రం నన్ను అందులో కూర్చోబెట్టేది. రాగిపిండితో చోడి అంబలి కాచేది, తోటకూర వండేది, మిరపకాయ ముఖం చూడనిచ్చేది కాదు. కోటకు దగ్గర్లో ఉన్న ఒక లేడీ డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లింది. ఆవిడ ఒక ఆయింట్‌మెంటు, విరేచనం మెత్తబడటానికి ఒక పొడి రాసిచ్చింది. వానలు మొదలయ్యే సమయానికి నొప్పి తగ్గింది. మొదటిసారి ఏడవకుండా బయటికొచ్చిన రోజు అత్త నాకు దిష్టి తీసింది. దేనికి దిష్టి తీస్తున్నావని బావ అడిగితే ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక ఉదయం కడుక్కుంటుంటే చేతికి ఏదో తగిలింది. ఇంతకు ముందు లేనిది. మా ఊళ్లో గోడ గోడకీ మూలశంకకు ఆపరేషన్ లేకుండా వైద్యం అని రాసుంటుంది, ఆ రోజు బడికి వెళ్తుంటే ప్రతి గోడా నాకోసమే రాసినట్టుంది. ఫోనులో వెతికాను. వెతికినకొద్దీ భయం పెరిగింది. సాయంత్రం ఇంటికొచ్చి ఏడుస్తూ అత్తకు చెబితే ఆమె తలుపు గడియ పెట్టి ఫోను లైటు వేసింది.

"తిరుగు. సూస్తాను."

"వద్దత్తా."

"ఏటి వొద్దు? నీకు పళ్లు రానప్పుడే కడిగినాను నీ ముడ్డి. తిరుగు."

తిరిగాను. మా అమ్మ ముందు కూడా ఊహ తెలిశాక అలా నిలబడలేదు. అత్త మోకాళ్ల మీద కూర్చుని శ్రద్ధగా చూసింది, బియ్యంలో రాళ్లు చూసేటప్పుడు చూసినట్టే చూసింది. "ఏదో తోలులాగున్నాదే. ఎర్రగా నేదు. రేపు డాక్టరమ్మకి సూపిద్దాం" అంది.

మర్నాడు డాక్టరమ్మ చూసి గ్లౌజు తీసేస్తూ చెప్పింది. "చీలిక పూర్తిగా మానిపోయిందమ్మా. దాని చివర చర్మం వాచింది కదా, అది ఇలా మిగిలిపోయింది. మొల కాదు, గడ్డ కాదు."

పాపను ఎత్తుకుని పక్కనే నిలబడ్డ అత్త, "మరేటది?" అంది.

"పిలకలాంటిది అనుకోండి పెద్దమ్మా."

అత్త ముఖం వెలిగిపోయింది. "పిలకా? మా వరికి పడతాదమ్మా పిలక. పిలక పడితే సేను బాగున్నట్టే!"

డాక్టరమ్మ కూడా నవ్వేసింది. కోసేయొచ్చా అని నేను అడిగాను. "కొయ్యొచ్చు. కానీ ఇబ్బంది పెట్టనప్పుడు ఎందుకు? అక్కడ కోసిన పుండు మానాలంటే మళ్లీ ఆ బాధంతా పడాలి. శుభ్రంగా కడుక్కో, మెత్తటి బట్టతో అద్దుకో, కడుపు గట్టిపడకుండా చూసుకో. దాని మానాన దాన్ని వదిలెయ్" అంది.

నేను మంచం దిగి చీర సర్దుకుంటున్నాను. అత్త తలుపు దాకా వెళ్లి ఆగింది.

"అమ్మా, మరి రత్తం పడితే?"

డాక్టరమ్మ నా వైపు చూసి ఆమెకు జవాబు చెప్పింది. "గట్టిగా ముక్కితే కాస్త చీరుకుని పడొచ్చు పెద్దమ్మా. కంగారు పడక్కర్లేదు. ఇదే ఆయింట్‌మెంటు రాయించండి, వేణ్ణీళ్లలో కూర్చోబెట్టండి. తగ్గకపోతే తీసుకురండి."

"పిలకే గదా?"

"పిలకే."

ఆ ప్రశ్న నాకోసం అడిగిందనుకున్నాం, డాక్టరమ్మా నేనూ. ఇంత శ్రద్ధ చూపే అత్త దొరకడం నీ అదృష్టం అని ఆవిడ నాతో అంది కూడా.

ఇక్కడ మా ఇళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా వైపు డాక్టరు దగ్గరికి ఒకరు వెళ్తే ఇల్లంతా వెళ్లినట్టే. మావకు మోకాళ్లకు రాసిన మాత్ర అత్త వేసుకునేది, అత్త దగ్గు మందు పక్కింటావిడ తాగేది. పిసినారితనం కాదది. ఒక పొయ్యి మీద వండింది తిన్నవాళ్లకు ఒకేలాంటి రోగం వస్తుందని, ఒకరికి నప్పిన మందు అందరికీ నప్పుతుందని వాళ్ల నమ్మకం. మా నాన్న కూడా అంతే, మా అమ్మ కళ్లజోడుతో పేపరు చదివేవాడు. ఆ రోజు డాక్టరమ్మ నాకు చెప్పిన మాటను అత్త తనకు చెప్పినట్టుగా కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది. అప్పటికే ఆమెకు రక్తం పడుతోంది.

మాకేం తెలుసు? మాకు ఆ మాట ఒక ఆట అయిపోయింది. అంబలి గిన్నె నా ముందు పెడుతూ, బావ ఎదుటే, "నీ పిలక ఎలాగున్నాదే?" అనేది. "బాగుందత్తా, నిద్రపోతోంది" అనేదాన్ని. ఒకసారి బావ పెరట్లోకి వెళ్లి అరటిచెట్ల మొదళ్లు వెతికి వచ్చాడు. "పిలకలు ఏవీ కొత్తగా రానేదు కదే, దేని గురించి మీ మాటలు?" అన్నాడు. అత్త పమిట నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది.

నవ్వినంత తేలిగ్గా ఉండేది కాదు దాంతో బతకడం. ఎంత కడుక్కున్నా ఇంకా ఏదో మిగిలిందన్న అనుమానం. వేసవిలో చెమటకు తడిసి దురద పుట్టేది, క్లాసులో నలభై మంది పిల్లల ముందు ఏమీ చెయ్యలేక డస్టరు నలిపేదాన్ని. బావ దగ్గరికొస్తే దీపం ఆర్పమనేదాన్ని. కారణం అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఒళ్లంతా బాగుండి ఒక్క శనగబద్దంత చోటు నాది కాకుండా పోయినట్టు ఉండేది. అత్తతో అంటే కసురుకునేది. "పిలకని సూసి ఏడిసిన రైతు ఉన్నాడేటే ఎక్కడైనా? వొగ్గీయ్." ఆమె అలా అన్నప్పుడల్లా నాకు భయం పోయేది. ఆమెకు కూడా అలా అనుకునే భయం పోయి ఉంటుంది. పేరు ముద్దుగా ఉంటే రోగం కూడా మనదే అనిపిస్తుంది. ఆ మాట వల్లే మా ఇంట్లోంచి భయం వెళ్లిపోయింది. భయం ఉండి ఉంటే అత్త బతికేది.

పాప నడక నేర్చింది, మాటలు నేర్చింది. అత్త సన్నబడింది. జాకెట్లు వదులైతే తనే కుట్టు వేసుకుంది. "వయసొస్తే సన్నబడరేటి?" అంది. తనూ అంబలే తాగడం మొదలుపెట్టింది. నడుం నొప్పి అని చెప్పి టబ్బులో వేణ్ణీళ్లు పోసుకుని కూర్చునేది. నా అలవాటే ఆమెకూ అంటుకుందని బావ వెక్కిరించేవాడు. ఏమైనా ఉందా అత్తా అని నేను అడిగితే, "నాకేటుంతాది, దుక్కలాగున్నాను" అనేది. ఖాళీ అయిన నా ఆయింట్‌మెంటు గొట్టం పట్టుకెళ్లి మందుల షాపులో చూపించి అలాంటిదే తెచ్చుకునేదని తర్వాత తెలిసింది.

పాపను నర్సరీలో వేసిన ఏడు, బడి నుంచి దాన్ని తీసుకొస్తూ దారిలో కళ్లు తిరిగి పడిపోయింది. ఒంట్లో రక్తం సగానికి సగం లేదన్నారు. ఎక్కడి నుంచి పోతోందని అడిగితే అప్పుడు చెప్పింది. ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాం. ఈసారి మంచం మీద అత్త ఉంది, పక్కన నేను నిలబడ్డాను. డాక్టరమ్మ వేలు పెట్టి చూస్తుంటే ఆవిడ ముఖం మారిపోవడం నాకు కనిపించింది.

"ఎన్నాళ్ల నుంచి పడుతోంది పెద్దమ్మా రక్తం?"

"గుంట పాకినప్పటి నుంచి." పాపను ఆమె గుంట అనే అనేది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అత్త తల తిప్పి ఆవిడను ఆశ్చర్యంగా చూసింది. "సెప్పినాను గదమ్మా. రత్తం పడితే ఏటి సెయ్యాలని అడిగినాను. పిలకే, కంగారు పడొద్దని నువ్వే సెప్పినావు."

డాక్టరమ్మ గ్లౌజు తీయకుండా అలాగే నిలబడిపోయింది. నాకు ఆ తలుపు, ఆ రోజు ఆమె ఆగిన తీరు, చంకలో పాప, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఆమె అడిగింది తనకోసం. మా ఇద్దరిలో ఎవరమూ ఎవరికి అని అడగలేదు. ఇద్దరం చదువుకున్నవాళ్లమే. డాక్టరమ్మ మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు లేదు. ఆవిడ నాకు నిజమే చెప్పింది, ఆ నిజాన్ని తీసుకున్నది వేరే మనిషి.

పరీక్షలయ్యాయి. ముదిరిపోయింది, లివరు దాకా పాకింది అన్నారు. విశాఖ తీసుకెళ్లి ఆపరేషన్‌తో విరేచనం దారి మళ్లించి పొట్ట మీద సంచి పెట్టించాం. మందు ఎక్కించడానికి రైల్లో తీసుకెళ్లేవాళ్లం. కూర్చోలేక సీటు మీద పక్కకు తిరిగి పడుకునేది, తల నా ఒళ్లో. కొత్తవలసలో బండి ఆగితే లేచి చూసేది. ఎప్పటికైనా ఆ కొండల వైపు వెళ్లే బండి ఎక్కి అరకు చూడాలని ఆమెకు ఉండేది. ఈ మందులైపోయాక వెళ్దాం అనేవాణ్ణని బావ ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తాడు.

చుట్టాలు ఫోను చేస్తే బావ కడుపులో గడ్డ అని చెప్పేవాడు. ఆమె పోయాక పదో రోజున కూడా అదే చెప్పాడు. ఆడవాళ్ల మధ్యలో కూర్చుని నేను మాత్రం దాచలేదు. దొడ్డికెళ్లే దారిలో క్యాన్సరు, ఏళ్ల తరబడి రక్తం పడింది, చెప్పుకోలేదు అన్నాను. ఒకావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకావిడ తల వంచుకుని విస్తరి వైపు చూస్తూ ఉండిపోయింది. బావ ఆ రోజు నాతో మాట్లాడలేదు. తర్వాత నేను పోరగా పోరగా వెళ్లి అతనూ పేగులోకి గొట్టం వేసి చూసే పరీక్ష చేయించుకున్నాడు, నేనూ చేయించుకున్నాను. ఆమె రక్తమే కదా ఇద్దరిలోనూ ఉన్నది. ఇద్దరికీ ఏమీ లేదన్నారు. నాది మళ్లీ చూసి డాక్టరమ్మ కావాలంటే ఇప్పుడు తీసేస్తానంది. వద్దన్నాను. నాది నిజంగా పిలకే. ఆ సంగతి తలుచుకుంటే సంతోషం రావాలి, రాదు. ఇంట్లో ఇద్దరి బాధలకూ ఒకటే పేరు పెట్టుకుంటే ఒకదానికే ఆ పేరు నప్పింది.

చివరి నెలల్లో ఆమెకు అన్నీ నేనే చేశాను. మొదట్లో సంచి మార్చనిచ్చేది కాదు. "నువ్వు నాది చూసినప్పుడు నేను తిరగలేదా?" అంటే ఒప్పుకుంది. ఒక మధ్యాహ్నం సంచి మార్చి, ఒళ్లు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెడుతూ, అన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అడిగేశాను. కోపంగానే అడిగాను.

"ఆ రోజు గదిలో ఉన్న ముగ్గురం ఆడవాళ్లమే కదత్తా. నన్ను లైటు వేసి మరీ చూశావు. నాకూ ఉంది, నన్నూ చూడమ్మా అంటే ఏం పోయేది? నాకు చెప్పిన నీతులన్నీ ఏమయ్యాయి? నీకంత సిగ్గా?"

అత్త గోడ వైపు తిరిగి ఉండగానే అంది.

"నాకు సిగ్గేటే? అప్పటిదాకా నువ్వు కూకోలేకపోయేదానివి. పాలిచ్చినప్పుడూ ఏడిసేదానివి. నాను కూడా మంచమెక్కితే గుంటనెవులెత్తుకుంతారు?"

మంచినీళ్లు అడిగితే చెంచాతో పోశాను. ఆ తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఆ ఏడాది పాపను నేను ఎత్తుకున్న గుర్తే నాకు లేదు. ఎప్పుడు తలుచుకున్నా అది అత్త చంకలోనే ఉంటుంది.